ఎవరని అడగని శుక్రవారం

ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్ యాదన్న హెల్మెట్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ముందువైపు నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో నిషిత అని ఉంది. పాసు మీదేమో బ్యూలా అని ఉంది.

"ఇన్నొద్దులు సూసీ సూడనట్టు పంపించిన మేడం. ఇప్పుడు కొత్త సేఫ్టీ సార్ వచ్చిండు. పాసు మీద ఒక పేరు, టోపీ మీద ఒక పేరు ఉంటే నన్ను ఈడనే బొంద పెడ్తడు," అన్నాడు. "నిషిత మేడం ఇగ రాదా?"

"ఇగ నేనే వస్త యాదన్నా."

"ఆమెకు పానం మంచిగుందా?"

"మంచిగనే ఉంది."

యాదన్న అంతకు మించి అడగలేదు. సొరుగులోంచి ఒక తెల్ల స్టిక్కర్ తీసి ఇచ్చాడు. బ్యూలా దాని మీద తన పేరు రాసి, నిషిత పేరు మీద అంటించి, అంచులు లేవకుండా బొటనవేలితో గట్టిగా రుద్దింది. ఆ రుద్దుతున్నంతసేపూ ఆమె మనసు, ప్లాంటు లోపల సూపర్‌వైజర్లు చూపిస్తామన్న కొత్త మెషీన్ మీదే ఉంది.

బ్యూలా వాళ్లది పటాన్‌చెరు హైవే పక్కన, పెయింట్ షాపు మీద మొదటి అంతస్తులో, ఐదుగురు మనుషుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఈ ప్లాంటులో ఏ షిఫ్టులో ఎన్ని పంపులు తయారయ్యాయో సూపర్‌వైజర్లు ట్యాబ్‌లో నొక్కితే, ఆ లెక్క పైవాళ్ల కంప్యూటర్లలో కనిపించేలా చేసేది వీళ్లే. ఆఫీసులో కూర్చుంటే అదంతా గళ్లూ గీతలూ. ఇక్కడికొస్తే గ్రీజు అంటిన వేలితో ట్యాబ్ నొక్కుతూ, "మేడం, ఈ బటన్ జెర పెద్దగ చెయ్యరాదా," అనే మనిషి ఎదురుగా ఉంటాడు. స్టీలు గ్లాసులో చాయ్ వస్తుంది. అల్లంత దూరం నుంచే నమస్తే పెడతారు. మంగళవారం ఎప్పుడొస్తుందా అని బ్యూలా ఈమధ్య ఆదివారం చర్చిలో ఉండగానే ఆలోచిస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

మధ్యాహ్నం ఆఫీసుకు తిరిగొచ్చి, హెల్మెట్‌ని ఎప్పటి మేకుకే తగిలించింది. ఆ మేకు నిషిత కుర్చీ వెనక గోడకు ఉంది. నిషిత తల తిప్పి చూసింది. ఆమె చూపు స్టిక్కర్ మీద కాసేపు ఆగి, మళ్లీ స్క్రీన్ మీదికి వెళ్లిపోయింది.

అన్నాల వేళకు ఇద్దరూ డబ్బాలు విప్పారు. ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు అడక్కుండా తీసుకునే స్నేహం వాళ్లది. ఆ రోజు నిషిత బ్యూలా డబ్బా వైపు చెయ్యి చాపలేదు.

"గచ్చిబౌలి నుంచి ఒక కంపెనీ ఫోన్ చేసింది," అంది నిషిత. "తీసుకుంటమన్నరు. సోమవారం వచ్చి చెప్పమన్నరు."

బ్యూలా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గుమ్మడిదల నుంచి గచ్చిబౌలికి రోజూ తిరుగుతవా?"

"హాస్టల్ల ఉంట. ఈడ కూసోని ఏం జేస్తున్న నేను?"

"శుక్రవారం రెట్రో ఉంది గద. నీ మనసుల ఉన్నది ఆడ చెప్పు."

"చెప్పిన గద ఒకసారి," అంది నిషిత.

రెట్రో అంటే రెండు వారాలకోసారి అందరూ కూర్చుని, చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే మీటింగు. ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఏది మార్చుకోవాలి అని చీటీలు రాసి బోర్డుకు అంటిస్తారు. పోయిన నెల అలాంటి మీటింగులోనే నిషిత లేచి నిలబడింది. సి షిఫ్టు రాత్రి మొదలై తెల్లారి ముగుస్తుంది. ఆమె చేసిన ఒక మార్పు వల్ల రాత్రంతా చేసిన పంపుల లెక్క మర్నాటి తారీఖు కింద పడింది. ప్లాంటులో గోలగోలైంది. "మార్పు పెట్టింది నేనే. జెఫ్రీకి చూపియ్యకుండ పెట్టిన," అని ఆమె అందరిముందూ చెప్పేసింది. పని సరిగ్గా ఉందో లేదో పరీక్షించేది జెఫ్రీ. మేనేజర్ చంద్రకాంత్ సార్ చప్పట్లు కొట్టాడు, ధైర్యమంటే ఇదీ అన్నాడు. ఆ తర్వాతి సోమవారమే బ్యూలాను పిలిచి, రేపటి నుంచి ప్లాంటుకు నువ్వు పో అన్నాడు. నిషితకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. హెల్మెట్ మేకు మీద లేకపోవడం చూసి ఆమే తెలుసుకుంది.

ఆ తర్వాత జరిగిన రెట్రోలో చీటీల మీద ఏసీ నీళ్లు కారుతోందనీ, చాయ్‌లో చక్కెర ఎక్కువైందనీ తప్ప ఇంకేమీ లేదు.

*

బుధవారం పొద్దున చంద్రకాంత్ సార్ గోనెసంచి నిండా మక్క కంకులతో మెట్లెక్కి వచ్చాడు. కంది ఊళ్లో పెద్ద ఇన్‌స్టిట్యూటు గోడ పక్కనే వాళ్ల చేను. వాళ్ల నాయన వెంకటేశం ఇంకా తనే దగ్గరుండి చేయిస్తాడు. ఆఫీసులో ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో లెక్కేసి కంకులు పంచడం సార్‌కి ఇష్టమైన పనుల్లో ఒకటి. ఇంకొకటి రెట్రో.

"బ్యూలమ్మా, జెర ఇటు రా," అని పిలిచాడు. "మన రెట్రో మస్తు సప్పబడ్డది. పోయినసారి చీటీలు సూసినవా? ఏసీ అంట, చక్కెర అంట. రెండు వారాల పని గురించి మాట్లాడుడంటే గిదేనా?"

నిజానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. బంతి విసిరి, ఎవరి చేతిలో పడితే వాళ్లు మాట్లాడాలన్నాడు. జెఫ్రీ బంతిని తప్పించుకోవడం నేర్చుకున్నాడు. ఈ రెండు వారాలు ఏ కూరలాగా ఉన్నాయో చెప్పమన్నాడు. సీనియర్ నరసింహమూర్తి పప్పులాగా ఉన్నాయన్నాడు, ఎప్పుడడిగినా పప్పే అన్నాడు. మిర్చీ బజ్జీలు మాత్రం ప్రతిసారీ వేడివేడిగా వచ్చేవి, ఒక్కటి కూడా మిగిలేది కాదు.

"ఈసారి నువ్వు నడుపు. నేను మూలకు కూసోని వింట," అని ఈసారి ఆటకు తెచ్చిన బెలూన్ల కవరు బ్యూలా చేతిలో పెట్టాడు.

బ్యూలా కదల్లేదు. "సార్, నిషితను మల్ల ప్లాంటుకు పంపిస్తే..."

"వద్దు వద్దు. ఆ పిల్ల అప్పుడు ఎంత పరేషాన్ అయిందో సూసినం గద. ప్లాంటోళ్లు ఒక్క మాటంటే ఏడుస్తది. అందుకే తప్పించిన. నా బిడ్డకైనా గట్లనే జేస్త." ఆయన గొంతులో కల్మషం లేదు. అదే చిక్కు. కోపిష్టి మేనేజరైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

ఆయనకున్న అలవాటల్లా ఒక్కటే. ఏది చెడినా మొదట వచ్చే మాట 'ఎవరు?' వాళ్ల నాయనది కూడా అదే దారి. చేన్లో బర్రె పడితే కంచె ఎక్కడ తెగిందని అడగడు, కావలి ఎవరని అడుగుతాడు. కొడుక్కి చేనుతోపాటు అదీ వచ్చింది.

బ్యూలా ఇంకోసారి గట్టిగా అడగొచ్చు. అడగలేదు. బెలూన్ల కవరు పట్టుకుని తన సీటుకు వచ్చేసింది.

*

గురువారం సాయంత్రం పటేల్‌గూడలో బ్యూలా వాళ్లింట్లో చర్చి స్త్రీల కూటం. వాళ్లమ్మ దయావతి సర్కారు బడిలో టీచరు, కూటానికి పెద్ద. చాపలు పరిచారు, పాటలు పాడారు, పాస్టరు అయ్యగారు బైబిలు వాక్యం చెప్పారు. తర్వాత చర్చిలో జరిగే కోతపండుగ వంటల సంగతి వచ్చింది.

"ఏమైనా ఇబ్బందులుంటే చెప్పండమ్మా," అన్నారు అయ్యగారు మెత్తగా.

"దేవుని కృప అయ్యగారూ, అంతా మంచిగనే ఉంది," అంది క్యాథరిన్. పక్కనున్న ఆవిడా అదే అంది. ఆ మాట చాప ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క అక్షరం మారకుండా వెళ్లింది.

దయావతి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తింది. "అయ్యగారూ, అహరోను తాతకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనయంట. జెర పోయి ప్రార్థన చేసి రారాదుండ్రి. చాయ్ ఆడనే పెడ్తరు."

అయ్యగారు బైబిలూ గొడుగూ తీసుకుని లేచారు. ఆయన చెప్పులు గేటు దాటిన చప్పుడు వినిపించిందో లేదో, క్యాథరిన్ కొంగు బిగించింది. "నిరుడు పొయ్యి కాడ నేనొక్కదాన్నే సచ్చిన. అందరు పాటలు పాడనీకె పోయిండ్రు. నాకు పాటలు రావా?" అంతే, చాపంతా ఒక్కసారి లేచింది. గిన్నెలు ఎవరు తోమారో, ఎవరు తోమకుండా ఫొటోలు దిగారో బయటికొచ్చింది. దయావతి ఎవరినీ ఆపలేదు, ఎవరి వైపూ మాట్లాడలేదు. ఈనె తీస్తూ "ఊ," "ఊ," అంటూ వింది. అంతా అయ్యాక, "సరే, ఈసారి వంట చేసినోళ్లే ముందు పాట పాడాలె. మిగిలినోళ్లు అప్పుడు పొయ్యి సూసుకోవాలె," అంది. క్యాథరిన్ ఏ పాట పాడాలో అప్పటికప్పుడే చెప్పేసింది.

అందరూ వెళ్లాక బ్యూలా చాపలు చుడుతూ అడిగింది. "అయ్యగారు మంచోడు గద అమ్మా. పాపం, ఎందుకు పంపించినవ్?"

"మంచోడు కాబట్టే బిడ్డా. చెడ్డోడైతే మొఖం మీదనే అందురు. మంచోని ముంగట మంచి మాటలే వస్తయి."

"ఆయన ఏమన్నా అనుకుంటడేమో."

"ఏమనుకుంటడు? అహరోను తాత మోకాళ్లు సరిగ్గ మన కూటం నాడే నొస్తయని ఆయనకు తెల్వదా?" దయావతి నవ్వి చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. బ్యూలా సగం చుట్టిన చాప మీదే కూర్చుండిపోయింది.

*

"సార్, ఇయ్యాల రెట్రోకు మీరు రావద్దు."

చంద్రకాంత్ నవ్వాడు. తర్వాత బ్యూలా మొహం చూసి ఆపేశాడు. "మూలకు కూసుంట అన్న గద. నోరిప్ప."

"మీరు నోరిప్పకున్నా మీ ముంగట ఎవ్వరూ మాట్లాడరు సార్. మీరు మంచోళ్లు. మీ ముంగట మంచి మాటలే వస్తయి." ఈ మాట అమ్మ నోట్లో ఎంత తేలిగ్గా ఉండిందో తన నోట్లో అంత బరువైంది.

ఆయన టేబుల్ మీది పెన్ను అందుకుని తిప్పాడు. "ఆ మీటింగు పెట్టిందే నేను," అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత లేచి గొడుగు తీసుకున్నాడు. "కింద బజ్జీల బండి కాడ ఉంట. అయినంక పిలువు."

బయట ముసురు పట్టింది. కిటికీలోంచి చూస్తే, నీలం పట్టా కింద ప్లాస్టిక్ స్టూలు మీద ఆయన ఒక్కడూ కూర్చుని, లారీల వైపు చూస్తున్నాడు. బ్యూలాకు పరుగున వెళ్లి పిలుచుకొద్దామనిపించింది. కర్టెన్ లాగేసి గదిలోకి వచ్చింది.

టేబుల్ చుట్టూ ముగ్గురున్నారు. జెఫ్రీ అందరికంటే చిన్నవాడు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నా గోదావరి మాట మార్చుకోని నరసింహమూర్తి అందరికంటే పెద్దవాడు. గోడ వైపు, హెల్మెట్ మేకు కింద తన కుర్చీలోనే నిషిత. బ్యూలా బెలూన్లు ఊదలేదు, చీటీలు పంచలేదు.

"ఇయ్యాల 'ఎవరు' అన్న మాట వద్దు," అంది. "ఏమైంది, మల్ల గట్ల కాకుండ ఏం జెయ్యాలె, గంతే. ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు అడ్డం రావొద్దు, సంజాయిషీ ఇయ్యొద్దు. అయినంక 'విన్న' అనాలె. నాకు గూడ ఇదే రూలు."

మొదట జెఫ్రీ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ప్లాంటోళ్లు ఫోన్ చేసి ఇప్పుడే కావాలె అంటరు. సాయంత్రం ఇస్తం అని మనం ఒక్కనాడు అనలే. ఇగ నాకు సూపిచ్చే టైం ఏడుంటది? సి షిఫ్టు నాడు ఆ ఫోన్ ఎవరెత్తినా గట్లనే అవుతుండె."

"విన్న," అంది బ్యూలా. బోర్డు మీద రాసింది.

"సి షిఫ్టు అర్ధరాత్రి దాటుతుందని ఈ గదిలో అందరికీ తెలుసండి," అన్నాడు నరసింహమూర్తి. "కంప్యూటర్‌కే తెలీదు. ఏ మార్పు పెట్టినా, ముందు ఒక రాత్రి షిఫ్టు లెక్క వేసి చూడాలని మనం అనుకుని ఉంటే సరిపోయేది. నేనూ అనుకోలేదు."

"విన్న," అన్నారు జెఫ్రీ, బ్యూలా ఒక్కసారే. ముగ్గురూ నవ్వారు. ఈ గదిలో పని గురించి మాట్లాడుతూ నవ్వి ఎన్నాళ్లయిందో. బ్యూలాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు నిషిత సార్ గురించి చెబుతుంది, తను రాసుకుంటుంది, సార్‌కి మెల్లగా నచ్చజెబుతుంది, నిషిత గచ్చిబౌలి మాట మరిచిపోతుంది అనుకుంది.

నిషిత తల వంచుకునే మొదలుపెట్టింది. "ఎవరు అనొద్దన్నవ్ గద. సరే, ఏమైందో చెప్త. ఒకామె తప్పు చేసి ఒప్పుకున్నది. ఆమె పని తీసి ఇంకొకామెకు ఇచ్చిండ్రు. ఇచ్చినాయన మంచే అనుకోని ఇచ్చిండు, ఆయనకు తెల్వదు. తీసుకున్నామెకు తెలుసు. రోజూ ఈ ఇద్దరు కలిసే తింటరు. 'నిషితా, నేను పోవాల్నా' అని ఒక్కనాడు అడగలే." ఆమె తలెత్తింది. "మొన్న నా పేరు మీద స్టిక్కర్ అంటిచ్చి, తెచ్చి నా నెత్తి మీదనే తగిలేసింది."

జెఫ్రీ పెన్ను మూత తీసి పెడుతున్నాడు, తీసి పెడుతున్నాడు. నరసింహమూర్తి కళ్లజోడు తుడుచుకున్నాడు.

బ్యూలా నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. గేటు దగ్గర కొత్త రూలు. యాదన్నే ఇచ్చాడు స్టిక్కర్. పొమ్మన్నది సార్. బుధవారం ఆయన్ని అడిగాను కూడా. అన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ నిషిత అడిగినదానికి జవాబు కాదు. స్టిక్కర్ అంచుల్ని గట్టిగా రుద్దిన బొటనవేలు గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి.

"విన్న," అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినిపించలేదు.

బోర్డు వైపు తిరిగి మార్కర్ ఎత్తింది. అందరి మాటా రాసినప్పుడు ఇదీ రాయాలి. 'పని తీసుకునేటప్పుడు అడగలేదు' అని రాసింది. అక్షరాలు కిందికి వంగాయి.

"మరి మళ్లీ అలా కాకుండా ఏం చేద్దాం?" నరసింహమూర్తి నెమ్మదిగా అడిగాడు.

జవాబు నిషితే చెప్పింది. "ఎవరి చేతుల పని చెడ్తే వాళ్ల చేతులతోనే బాగు చెయ్యనియ్యాలె. పక్కకు పెట్టొద్దు."

బ్యూలా అది రాసింది. దాని కింద 'మంగళవారం ప్లాంటుకు నిషిత' అని రాసింది. తర్వాత నేరుగా వెళ్లి మేకు మీది హెల్మెట్ అందుకుని, స్టిక్కర్ అంచు గోటితో పీకబోయింది.

"ఉండనియ్యి," అంది నిషిత. "సోమవారం నేను లీవు." సోమవారం ఏమిటో ఆ గదిలో బ్యూలాకు ఒక్కదానికే తెలుసు. హెల్మెట్‌ని మళ్లీ మేకుకు తగిలించింది.

బ్యూలా పిలిస్తే చంద్రకాంత్ బజ్జీల పొట్లంతో పైకొచ్చాడు. ప్యాంటు కింది అంచులు తడిసిపోయాయి. బోర్డు పై నుంచి కింది దాకా చదివాడు. "ఎవ..." అని, పెదాలు బిగించుకున్నాడు. మళ్లీ ఒకసారి చదివి, "నా గురించేనా ఇది?" అన్నాడు.

"సగం మీరు సార్," అంది బ్యూలా. "సగం నేను."

ఆయన నిషిత వైపు తిరిగాడు. "ఏడుస్తవేమోనని తప్పించిన బిడ్డా."

"ఏడిస్తే ఏడుస్త సార్. కండ్లు తుడుసుకోని మల్ల పని జేస్త."

ఆయన తలూపాడు. పొట్లం విప్పి మొదటి బజ్జీ ఆమెకే ఇచ్చాడు. "సల్లగైనయ్," అన్నాడు, అది కూడా తన తప్పే అన్నట్టు. పొట్లం టేబుల్ మీద పెట్టి, "మల్లొచ్చే రెట్రోకు గూడ నన్ను కిందనే కూసోబెడ్తరా?" అని అడిగాడు.

"బజ్జీలు వేడిగా ఉన్నప్పుడే పిలుస్తాం లెండి," అన్నాడు నరసింహమూర్తి.

*

సోమవారం నిషిత కుర్చీ ఖాళీగా ఉంది. బ్యూలా అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా చిక్కుడుకాయ కూర తెచ్చి, సగం వెనక్కి తీసుకెళ్లింది. ఫోన్ చేద్దామని తీసి, ఏమడగాలో తెలియక పెట్టేసింది. అడగాల్సిన రోజున అడగలేదు, ఇప్పుడు అడగడానికి ముఖం చెల్లలేదు.

మంగళవారం ఆఫీసులో అడుగుపెట్టగానే ఆమె చూపు గోడ మీదికి పోయింది. మేకు మాత్రమే ఉంది. హెల్మెట్ లేదు.

తన సీటు దగ్గరికి వచ్చింది. మానిటర్ పై అంచున తెల్ల స్టిక్కర్ అంటించి ఉంది. బ్యూలా అని తన చేతిరాతే. పీకేటప్పుడు ఒక మూల చిరిగింది. ఎక్కడా లేవకుండా అంచులు గట్టిగా రుద్ది ఉన్నాయి.

ఫోన్ మోగింది. అవతల మెషీన్ల హోరు.

"బ్యూలా, ప్లాంటు నుంచి మాట్లాడుతున్న. సి షిఫ్టు లెక్కల ఒకటి తేడా కనవడ్తుంది. సాయంత్రం ఇస్తమని చెప్పిన. జెఫ్రీతోని చెప్పు."

"చెప్త," అంది బ్యూలా. తర్వాత, ఈసారి ఆలస్యం చెయ్యకుండా అడిగింది. "గచ్చిబౌలి ఏమైంది?"

"రానని చెప్పొచ్చిన. నిన్న అన్నం ఆడ ఒక్కదాన్నే తిన్న, సప్పగుండె." ఆమె హోరును మించి గొంతు పెంచింది. "యాదన్న నిన్ను అడిగిండు. బ్యూలా మేడం ఇగ రాదా అని."

"ఏం చెప్పినవ్?"

"మల్ల మంగళవారం ఇద్దరం వస్తమని చెప్పిన. గాని నా హెల్మెట్ నీకియ్య. నీది నువ్వు సూసుకో."

బ్యూలా ఫోన్ పెట్టేసి, చున్నీతో ముఖం తుడుచుకుని, చంద్రకాంత్ సార్ టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఇంకో హెల్మెట్ కావాలె."

ఆయన తలెత్తి ఏదో అడగబోయాడు. మళ్లీ మానుకుని, నిషిత కుర్చీ వెనక గోడ వైపు చూశాడు.

"అయితే ఇంకో మేకు గూడ కొట్టాలె గద," అన్నాడు. సుత్తి అడిగి తేవడానికి కింద పెయింట్ షాపుకు ఆయనే బయల్దేరాడు.